బావి తవ్వారు సరే, గ్యాస్ ఎప్పుడొస్తుంది?

కోనసీమలో కొబ్బరితోటల మధ్య చమురు, గ్యాస్ కోసం తవ్వే రిగ్ నిలబడితే చుట్టుపక్కల నాలుగూళ్లకు తెలుస్తుంది. రాత్రంతా లైట్లు, జనరేటర్ల మోత, ఇరుకు రోడ్ల మీద ట్రెయిలర్లు. కొన్ని నెలలకు ఆ రిగ్‌ని విప్పి తీసుకుపోతారు. కంచె లోపల కంకర పరిచిన చదును స్థలం, దాని మధ్యలో మనిషెత్తు దాటిన వాల్వుల గుత్తి ఒకటి మిగులుతాయి. "పడిందా?" అని అడుగుతారు ఊళ్లో. బోరు వేస్తే నీళ్లు పడ్డాయా అని అడిగే అలవాటు లోంచి వచ్చిన ప్రశ్న అది. నీళ్ల బోరుకైతే సరిపోతుంది కూడా. చమురు, గ్యాస్ బావుల దగ్గర మాత్రం పడటం వేరు, రావడం వేరు. ఈ రెంటికీ మధ్య కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్నేళ్లూ పట్టొచ్చు. ఒక్కోసారి ఎప్పటికీ రాకపోవచ్చు.

బావి అనగానే నల్లటి చమురు ఆకాశానికి ఎగజిమ్మే దృశ్యం చాలామంది కళ్ల ముందు మెదులుతుంది. ఆ దృశ్యం 1901 జనవరి 10 నాటిది. అమెరికాలోని టెక్సాస్‌లో స్పిండిల్‌టాప్ దగ్గర చమురు రోజుకు లక్ష పీపాల చొప్పున పైకి తన్నింది. దాన్ని అదుపు చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పట్లో సంబరంగా చెప్పుకున్నారు గానీ, ఈ పని తెలిసినవాళ్ల లెక్కలో అది ప్రమాదమే. బావి తనంతట తాను మొదలైందంటే దాన్ని ఆపే శక్తి మనిషి చేతిలో లేదన్నమాట. అంతకు నలభై ఒక్క ఏళ్ల ముందు, 1859 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావి కథ ఇందుకు పూర్తిగా వేరు. లోతు 21 మీటర్లే. చమురు ఎగజిమ్మలేదు, గొట్టంలో కొంత ఎత్తుకు చేరి నిలబడిపోయింది. చేతిపంపు పెట్టి తోడారు. ఫొటోలకు పనికొచ్చింది స్పిండిల్‌టాప్ అయినా, నిజానికి ఎక్కువ బావుల పుట్టుక డ్రేక్ బావి లాంటిదే.

ఆపేదీ బరువే, అడ్డుపడేదీ బరువే

భూమిలో మూడు వేల మీటర్ల కింద ఇసుకరాయి పొర ఉందనుకుందాం. దాని సూదిమొన రంధ్రాల్లో గ్యాస్ ఇరుక్కుని ఉంటుంది. పైనున్న నేల బరువు వల్ల, పొరలోని నీటి వల్ల ఆ గ్యాస్ మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 300 కిలోల ఒత్తిడి ఉంటుంది. అక్కడిదాకా కన్నం పెడితే గ్యాస్ పైకి తన్నుకు రావాలి. కానీ డ్రిల్లింగ్ సాగినంత కాలం అది రాకూడదు. అందుకని బావి నిండా మడ్ నింపి ఉంచుతారు. బంకమట్టి, బరువు కోసం బెరైట్ లాంటి ఖనిజాల పొడి కలిపిన చిక్కటి ద్రవం అది. లెక్క తేలిక. పది మీటర్ల నీటి నిలువు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో బరువు వేస్తుంది. నీటికంటే 15 శాతం బరువైన మడ్‌ను మూడు వేల మీటర్లు నింపితే అడుగున 345 కిలోలు. పొర 300తో నెడుతుంటే మడ్ 345తో అదిమి పెడుతుంది. బావి నోరు మెదపదు.

ఈ అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ కళ్లారా చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి పేలి అంటుకుంది. మంట ఆర్పడానికి విదేశీ నిపుణుల్ని రప్పించాల్సి వచ్చింది. 65 రోజుల పాటు రాత్రీ పగలూ తేడా లేని వెలుగు. ఆ తరం వాళ్లకు బ్లోఅవుట్ అనే మాటకు అర్థం చెప్పక్కర్లేదు.

పని ముగిశాక చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇన్ని నెలలు బావిని కాపాడిన బరువే ఇప్పుడు దాని గొంతు మీద కూర్చుని ఉంటుంది. అది దిగితే తప్ప గ్యాస్ రాదు. ఒక్కసారిగా దించేస్తే మళ్లీ పాశర్లపూడి భయం. ఉత్పత్తి మొదలుపెట్టడమంటే ఆ బరువును కొలత ప్రకారం, అదుపు చేజారకుండా దించడమే. మిగతా యంత్రాలూ రసాయనాలూ వాల్వులూ అన్నీ ఈ ఒక్క పని చుట్టూ తిరిగేవే.

నీళ్ల బోర్లు చూసినవాళ్లకు ఇందులో కొంత కొత్తేమీ కాదు. బోరు లారీవాళ్లు చివర్లో కంప్రెసర్‌తో గాలి కొట్టి ఫ్లషింగ్ చేస్తారు. ముందు బురద, తర్వాత మడ్డి నీళ్లు, చివరికి తేట నీళ్లు వస్తాయి. గ్యాస్ బావికీ ఫ్లషింగ్ లాంటిదే చేస్తారు, కానీ గాలితో కాదు. గాలీ గ్యాసూ కలిస్తే నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చున్న మందుగుండే.

గన్ దించడం

బావి గోడలు కూలకుండా అడుగు దాకా ఉక్కు గొట్టం దింపుతారు. దీన్ని కేసింగ్ అంటారు. గొట్టానికీ రాతికీ మధ్య సందులో సిమెంటు పోస్తారు. అంటే గ్యాస్ ఉన్న పొరకూ బావికీ మధ్య ఇప్పుడు ఉక్కూ సిమెంటూ కలిసిన గోడ ఉంది. దాని లోపల ఇంకో సన్నటి గొట్టం, ట్యూబింగ్, దిగుతుంది. గ్యాస్ పైకి వచ్చే దారి అదే. ట్యూబింగ్‌కూ కేసింగ్‌కూ మధ్య ఖాళీని అడుగున ప్యాకర్ అనే రబ్బరు బిరడా మూసేస్తుంది. పైన వాల్వుల గుత్తి బిగిస్తారు. కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది కాబట్టి దానికి క్రిస్మస్ ట్రీ అని పేరు. అమలాపురం పక్క తోటల్లోనూ అదే పేరు.

ఇక ఆ గోడకు చిల్లులు పెట్టాలి. దీనికి వాడే సాధనాన్ని నిజంగానే గన్ అంటారు. పొడవాటి ఉక్కు గొట్టంలో వరసగా చిన్న చిన్న పేలుడు గుళికలు ఉంటాయి. ఒక్కో గుళికకు ముందువైపు గరాటు ఆకారంలో పల్చటి లోహపు తొడుగు ఉంటుంది. మందు పేలగానే ఆ గరాటు నలిగి, సన్నటి ధారగా మారి సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ఉక్కును, సిమెంటును, ఆ వెనక రాతిని చీల్చి చిటికెన వేలు లావు సొరంగం చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల కవచాలు ఛేదించిన కిటుకే ఇది. మీటరుకు పదహారు, ఇరవై చిల్లులు పడతాయి.

గన్ దించే రోజు సైట్‌లో వాతావరణం మారిపోతుంది. మొబైళ్లు స్విచాఫ్ చేయిస్తారు, వాకీటాకీలు కట్టేస్తారు. విద్యుత్తుతో పేలే డిటొనేటర్ అయితే, దారి తప్పిన రేడియో తరంగం కూడా దాన్ని నేల మీదే పేల్చొచ్చు. మబ్బు పట్టి ఉరుములు మొదలైతే పని ఆపేస్తారు. ఇంకో టెన్షన్ లోతుది. మూడు వేల మీటర్ల కింద గ్యాస్ పొర మందం ఒక్కోసారి ఐదారు మీటర్లే. దాని కాళ్ల కిందే ఉప్పునీళ్లుంటాయి. గన్ రెండు మీటర్లు కిందికి జారితే గ్యాస్ బదులు నీళ్లొస్తాయి. వేలాడే తీగ సాగుతుంది కాబట్టి దాని పొడవును ఊరికే నమ్మలేరు. కేసింగ్ గొట్టాల అతుకుల్ని అయస్కాంత పరికరంతో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ, పాత రికార్డుతో సరిచూసుకుంటూ దింపుతారు. అప్పుడు మీట నొక్కుతారు. పైన నిలబడ్డవాళ్లకు పెద్దగా ఏమీ తెలియదు. తీగ కొంచెం అదరొచ్చు, అంతే.

పేలిందో లేదో, పేలితే పొర పలికిందో లేదో చూడటానికి పరికరాలు చాలా ఉన్నాయి. వాటన్నిటి పక్కన ఒక పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. ట్యూబింగ్ పై నుంచి సన్నటి గొట్టం ఒకటి తీసుకుని దాని కొసను నీళ్ల బకెట్‌లో ముంచుతారు. బుడగలు వచ్చాయంటే కింద ఏదో కదులుతోంది. బుడగలు బలంగా, ఆగకుండా వస్తుంటే ఆశ పెట్టుకోవచ్చు. కోట్ల రూపాయలు పెట్టి తవ్విన బావి భవిష్యత్తు కోసం కొందరు ఇంజినీర్లు ఒక బకెట్ చుట్టూ మూగి నిలబడతారు.

పలకని బావి

చాలా బావులు చిల్లులు పడగానే పలకవు. ముందే మడ్ తీసి తేలికైన ఉప్పునీరు నింపి ఉంచినా సరే. లెక్క మళ్లీ చూడండి. పాత క్షేత్రంలో పొర ఒత్తిడి 240 కిలోలకు పడిపోయి ఉంటే, మూడు వేల మీటర్ల నీళ్లు 300తో అదుముతాయి. అరవై కిలోలు ఎక్కువ. గ్యాస్ రావడం అటుంచి, బావిలో నీళ్లే పొరలోకి దూరతాయి. అప్పుడు అంగుళంన్నర లావు గొట్టాన్ని పెద్ద చక్రానికి చుట్టి తెచ్చి ట్యూబింగ్ లోపలికి దింపుతారు. దాని పేరు కాయిల్డ్ ట్యూబింగ్. ట్యాంకర్‌లో సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో తెచ్చిన ద్రవ నైట్రోజన్‌ను వేడిచేసి, వాయువుగా మార్చి ఆ గొట్టం గుండా పంపుతారు. అది నీళ్లను నురగలా పైకి తోసేస్తుంది. నీటిమట్టం ఎనిమిది వందల మీటర్లు దిగితే అడుగున బరువు 220. ఇప్పుడు పొరకు 20 కిలోల మొగ్గు వచ్చింది. చేతిపంపు ఆడకపోతే చెంబుడు నీళ్లు పోసి కొట్టేవాళ్లం కదా, ఇది సరిగ్గా దానికి తిరగేసిన పని. అక్కడ నీళ్లు పోస్తే మొదలయ్యేది, ఇక్కడ నీళ్లు తీస్తే మొదలవుతుంది.

అయినా రాకపోతే అనుమానం చిల్లుల చుట్టూ ఉన్న రాయి మీదికి పోతుంది. తవ్వేటప్పుడు మడ్ లోని సన్నటి పొడి రాతి రంధ్రాల్లోకి దూరి ఉంటుంది, నీళ్లకు బంకమట్టి ఉబ్బి ఉంటుంది. ఫిల్టర్‌లో కాఫీపొడి మరీ మెత్తగా ఉండి అదిమేస్తే డికాక్షన్ దిగనట్టే ఇదీ. పైన నీళ్లుంటాయి, కింద గిన్నె ఖాళీ. సున్నపురాయి అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి దారి తీస్తారు. ఇసుకరాయికి అది చాలదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిపిన మిశ్రమం కావాలి. బావికి ఆమ్లం పోసే పద్ధతి 1930ల నుంచి విస్తృతంగా వాడుకలో ఉంది. రాయే గట్టిదైతే దాన్ని చీల్చాల్సిందే. నీటిని విపరీతమైన ఒత్తిడితో కొట్టి పగులు తెచ్చి, పగులు మూసుకోకుండా ఇసుక రేణువుల్ని అందులో ఇరికిస్తారు. 1947లో అమెరికాలోని కాన్సాస్‌లో మొదట ప్రయత్నించిన ఈ ఫ్రాకింగ్ గురించి ఇప్పుడు ప్రపంచమంతా వాదులాడుకుంటోంది.

గట్టి రాయి ఎంత పని చేస్తుందో కాకినాడ తీరానికి ఎదురుగానే ఒక ఉదాహరణ ఉంది. 2005 జూన్‌లో గుజరాత్ రాష్ట్ర పెట్రోలియం సంస్థకు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. దానికి దీన్‌దయాళ్ క్షేత్రమని పేరు పెట్టారు. గ్యాస్ ఉన్న మాట అబద్ధం కాదు. కానీ ఐదు వేల మీటర్లకు పైబడిన లోతు, విపరీతమైన వేడి, ఒత్తిడి, అన్నిటినీ మించి గ్యాస్‌ను వదలని బిగుతు రాయి. తర్వాత అధికారికంగా ఆమోదం పొందిన అంచనా మొదటి అంకెలో పదో వంతు దగ్గరే ఆగింది. వేల కోట్ల అప్పు మిగిలింది. 2017లో ఓఎన్‌జీసీ ఆ సంస్థకున్న 80 శాతం వాటాను కొనుక్కుంది. ఎంత గ్యాస్ ఉందన్నది ఒక ప్రశ్న. ఎంత గ్యాస్ వస్తుందన్నది వేరే ప్రశ్న. మన పత్రికలు మొదటిదానికి పతాక శీర్షిక పెట్టి, రెండోదాన్ని లోపలి పేజీకి కూడా తీసుకోవు.

ఎంత తెరవాలి?

బావి పలికింది, బరువు దిగింది, గ్యాస్ వస్తోంది. ఇప్పుడు వాల్వు బార్లా తెరిచేస్తే సరిపోదా? ఇక్కడే తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. క్రిస్మస్ ట్రీ కొమ్మలో బీన్ అనే చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది, మధ్యలో కన్నంతో. చోక్ అని కూడా అంటారు. ఆ కన్నం సైజును బట్టే బావి ప్రవాహం. మొదట మూడు నాలుగు మిల్లీమీటర్ల బీన్ పెడతారు. కొన్ని గంటలు చూస్తారు. తర్వాత ఆరు, ఎనిమిది. ప్రతి సైజు దగ్గరా పైన ఒత్తిడి ఎంత, గ్యాస్ ఎంత, నీళ్లెన్ని, ఇసుక వస్తోందా అని రాసుకుంటారు. కన్నం పెద్దదయ్యేకొద్దీ అడుగున ఒత్తిడి పడిపోతుంది. వదులు రాయి అయితే రేణువులు ఊడి గ్యాస్‌తోపాటు కొట్టుకొస్తాయి. ఆ ఇసుక వాల్వుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. కింద ఉన్న ఉప్పునీరు కోన్ ఆకారంలో పైకి లేచి చిల్లుల దాకా వచ్చేస్తుంది. ఒకసారి దారి మరిగిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవడం కష్టం.

చమురు బావిలో గోలీసోడా కథ కూడా కలుస్తుంది. గోలీ బిగుసుకుని ఉన్నంతసేపు సోడాలో బుడగలు కనిపించవు, గోలీ నొక్కగానే బుస్సుమంటుంది. పొరలోని చమురులోనూ గ్యాస్ కరిగి ఉంటుంది. చమురును పైకి మోసుకొచ్చే కూలీ ఆ గ్యాసే. మొదట్లోనే ఒత్తిడి దబ్బున పడేస్తే గ్యాస్ ముందే విడిపోయి తన దారిన తాను వెళ్లిపోతుంది, చమురు రాతిలోనే చిక్కుకుపోతుంది. తర్వాత పంపులు పెట్టి ఎంత లాగినా ముందు రావాల్సినంత రాదు.

ఈ పరీక్ష రోజుల్లో వచ్చిన గ్యాస్‌ను అక్కడే కాల్చేస్తారు. బావి కక్కే మడ్, నీళ్లు, చెత్త అన్నీ పోయేదాకా పైప్‌లైన్‌లోకి ఎక్కించలేరు. చోక్ దాటిన గ్యాస్ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి చల్లబడుతుంది. మే నెల ఎండలో, చెట్టు కింద నిలబడ్డవాడికే చెమటలు కారుతున్న వేళ, బీన్ తర్వాతి పైపు మీద తెల్లగా మంచు పేరుకోవడం చూడొచ్చు. చూడ్డానికి ముచ్చటే కానీ, అదే చలి పైపు లోపల గ్యాస్‌నూ నీటినీ కలిపి హైడ్రేట్ అనే మంచుగడ్డ లాంటి పదార్థంగా బిగిస్తుంది. లైన్ మూసుకుపోతుంది. మెథనాల్ ఎక్కించడమో, పైపును వేడిచేయడమో చేయాలి.

పరీక్ష చివర్లో బావిని మూసి రోజుల తరబడి అలాగే ఉంచుతారు. బయటివాళ్లకు బావి ఫెయిలైనట్టే అనిపిస్తుంది. నిజానికి అప్పుడే అసలు విషయం తెలుస్తుంది. అడుగున ఉన్న గేజ్‌లో ఒత్తిడి ఎంత తొందరగా పాత స్థాయికి చేరిందో చూసి రాయి ఎంత ఉదారమైనదో, చిల్లుల దగ్గర అడ్డు ఎంతుందో, పొర ఎంత దూరం పరుచుకుందో అంచనా కడతారు. అందుకే "పరీక్షలో రోజుకు ఇన్ని లక్షల ఘనపు మీటర్లు వచ్చింది" అన్న వార్తను బీన్ సైజు చెప్పకుండా రాస్తే దానికి అర్థం లేదు. ఎన్ని గంటలు వచ్చిందో చెప్పకపోతే అసలే లేదు.

వచ్చింది, పోయే దారి?

చమురుకు ఒక సౌకర్యం ఉంది. ట్యాంకర్‌లో నింపి రోడ్డెక్కించవచ్చు. కోనసీమలో తాటిపాకలో ఓఎన్‌జీసీకి చిన్న రిఫైనరీ ఉండటం ఈ ప్రాంతపు చమురుకు కలిసొచ్చిన విషయం. గ్యాస్‌ను అలా పట్టి ఉంచడం కుదరదు. సేకరణ కేంద్రం, పైప్‌లైన్, కొనేవాడు మూడూ సిద్ధంగా ఉంటేనే వాల్వు తెరవాలి. బాగా పలికిన బావులు కూడా పైపు లేక ఏళ్ల తరబడి మూతబడి ఉండటానికి కారణం ఇదే. గ్యాస్‌లోని నీటినీ, కండెన్సేట్ అనే తేలికపాటి ద్రవ చమురునూ తీసేయకుండా పంపితే ఎంత ప్రమాదమో కోనసీమలోని నగరం అనే ఊరు చెబుతుంది. 2014 జూన్ 27న తెల్లవారుజామున అక్కడ గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తడి గ్యాస్ పోవడం, పైపు లోపల తుప్పు పట్టడం ఆ తర్వాత బయటపడ్డాయి.

సముద్రంలో ఇదంతా పదింతలవుతుంది. రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకులో గ్యాస్ కనుక్కున్నది 2002లో. అది గాడిమొగ తీరానికి చేరింది 2009 ఏప్రిల్‌లో. క్రిస్మస్ ట్రీలు సముద్రం అడుగున ఉంటాయి, మనిషి చేయి వాటిని తాకదు, రోబోలే దిక్కు. అడుగున నీళ్ల చలికి హైడ్రేట్ గడ్డలు కట్టకుండా తీరం నుంచి గ్లైకాల్ పంపుతూనే ఉండాలి. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి, 8 కోట్లకు చేరుతుందన్న అంచనాను వమ్ము చేస్తూ దిగజారడం మొదలుపెట్టింది. రాతిపొరలు అనుకున్నట్టు లేవని, నీళ్లూ ఇసుకా వచ్చేశాయని కంపెనీ వాదన. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ వాదన. గొడవ మధ్యవర్తుల దాకా వెళ్లింది. మొదటి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో రెండు వేల మీటర్లకు పైబడిన నీటి లోతులో పక్కనే ఆర్-క్లస్టర్ అనే క్షేత్రం మొదలైంది. పొరుగు బ్లాకులో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు చమురు 2024 జనవరి 7న గానీ రాలేదు. ఆ చమురులో మైనం పాలు ఎక్కువ, చల్లబడితే గడ్డకడుతుంది. అందుకే పైపు లోపల పైపు పెట్టి వేడి పోకుండా కాపాడుతున్నారు. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలోనూ మైనంతోనే తంటా. అక్కడ వందల కిలోమీటర్ల పైప్‌లైన్‌ను పొడవునా వేడిచేస్తూ చమురు పంపాల్సి వస్తోంది.

ఇన్ని దాటి నడుస్తున్న బావి కూడా ఎప్పటికీ నడవదు. పొర ఒత్తిడి తగ్గేకొద్దీ గ్యాస్ వేగం తగ్గుతుంది. గ్యాస్‌తోపాటు వచ్చే నీటి తుంపరల్ని పైకి మోసే బలం చాలదు. అవి జారి కింద పేరుకుంటాయి. వంద మీటర్లు పేరుకుంటే పది కిలోల బరువు, రెండు వందలకు ఇరవై. మొదట్లో నైట్రోజన్ పెట్టి తీసిన నీళ్లే మళ్లీ వచ్చి గొంతు మీద కూర్చుంటాయి. ఖరీదైన మార్గాలు చాలా ఉన్నాయి. చవకైనది సబ్బు. చేతికర్ర అంత సబ్బు కడ్డీని ట్రీ పైనున్న వాల్వు తెరిచి లోపలికి వదిలి, మూసి, బావిని కొంతసేపు అలా ఉంచుతారు. కడ్డీ అడుగుకు జారి నీళ్లలో కరుగుతుంది. వాల్వు తెరిచాక గ్యాస్ బుడగలు నీళ్లను నురగ చేస్తాయి. నీళ్లంత బరువు నురగకు ఉండదు కాబట్టి నీరసించిన గ్యాస్ కూడా దాన్ని ఎత్తుకుపోగలదు. గ్యాస్‌నూ నీళ్లనూ విడదీసే సెపరేటర్ దగ్గర డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కు ముందు పైపులో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది, ఆ వెనకే గేజ్ ముల్లు లేస్తుంది. రెండు మూడు వారాలకు ఇంకో కడ్డీ వేయాలి.